ఉప్పుగాలిలో శిల్పం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ విశాఖ నుంచే. శిల్పం, మిక్స్‌డ్ మీడియా (రకరకాల పదార్థాలు కలిపి చేసే కళ) చేస్తున్న విద్యార్థులు రాసినవి. ప్రశ్నలు వేరైనా సగం తంటాలకి మూలం ఒక్కటే: గాలిలో చెమ్మ, ఉప్పు. అందుకే ఆ సంగతి జవాబుల్లో మళ్లీ మళ్లీ వస్తుంది, విసుక్కోకండి.

ప్రశ్న: ‘స్పర్శ’ నా ప్రాజెక్టు. మా అమ్మమ్మ చేతికి అచ్చు తీసి ప్లాస్టర్‌లో పోత పోయాలని ఉంది. ముందు నా చేతి మీదే రెండుసార్లు ప్రయత్నించాను. ఒకసారి వేళ్ల చివర్లు రాలేదు, ఇంకోసారి వేళ్లే విరిగిపోయాయి. గాజులతో సహా అచ్చు తీయొచ్చా?
— బీఎఫ్‌ఏ విద్యార్థిని, పెదవాల్తేరు

జవాబు: ముందు ఒక హెచ్చరిక. అచ్చు ఆల్జినేట్‌తోనే తీయండి. చేతిని నేరుగా ప్లాస్టర్‌లో ఎప్పుడూ ముంచొద్దు. ప్లాస్టర్ బిగుసుకునేటప్పుడు వేడెక్కుతుంది, మందపాటి ముద్దలో అది 60 డిగ్రీల దాకా పోగలదు. అప్పటికే గట్టిపడి ఉంటుంది కాబట్టి కాలుతున్నా చెయ్యి బయటికి రాదు. పెద్దవాళ్ల చర్మం పల్చన, ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఆల్జినేట్ అంటే సముద్రపు నాచు నుంచి తీసే పొడి. పళ్ల డాక్టర్ల సామాను అమ్మే షాపుల్లో దొరుకుతుంది. పళ్ల అచ్చుకి గ్రాముకి రెండు మిల్లీలీటర్ల పైచిలుకు నీళ్లు కలుపుతారు. చేతికి అది మరీ చిక్కన, మూడు కలపండి. మణికట్టు దాకా చేతికి 500 గ్రాముల పొడి, లీటరున్నర నీళ్లు, రెండున్నర లీటర్ల పొడుగాటి డబ్బా సరిపోతాయి. చేతికీ డబ్బా గోడకీ మధ్య చుట్టూ రెండు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. నీళ్లు చల్లగా ఉండాలి. మే నెలలో ట్యాంకు నీళ్లతో కలిపితే చెయ్యి పెట్టేలోపే బిగుస్తుంది. డ్రిల్లుకి తగిలించే పెయింటు కలిపే కడ్డీతో 45 సెకన్లు తిప్పితే చాలు.

డబ్బాలో పెట్టే ముందు అదే ముద్దని కొంచెం తీసి వేళ్ల సందుల్లో, గోళ్ల చుట్టూ పులమండి. ఇది మానేస్తే అక్కడ గాలి బుడగలు మిగిలి, పోతలో మొటిమల్లా తేలతాయి. మీకు వేళ్ల చివర్లు రాకపోవడం మాత్రం అచ్చు తప్పు కాదు, పోత తప్పు. అచ్చులో వేళ్లు కిందికి చూస్తుంటాయి. ప్లాస్టర్ ఒక్కసారిగా పోస్తే ఆ గుంటల్లో గాలి చిక్కుకుపోతుంది. ముందు పావు వంతు పోసి, అచ్చుని నాలుగు వైపులా వంచి తిప్పి, మిగిలింది గిన్నెలోకి వంపేయండి. వేళ్ల లోపలి గోడలన్నీ తడిశాక నింపండి. నింపేటప్పుడు డబ్బాని బల్ల మీద తడుతూ ఉండండి.

ప్లాస్టర్ కొలత కంటితో చూసి వేయొద్దు, వంటింటి కాటాతో తూచండి. 500 గ్రాముల పొడికి 350 మిల్లీలీటర్ల నీళ్లు. నీళ్లలోకే పొడి జల్లాలి, పొడిలో నీళ్లు పోయకూడదు. రెండు నిమిషాలు నాననిచ్చి, చెంచాని లోపలే ఉంచి మరో రెండు నిమిషాలు మెల్లగా కలపండి. బోరు నీళ్లలో ఉప్పు ఉంటే ప్లాస్టర్ తొందరగా బిగుస్తుంది. బకెట్‌కి అంటుకున్న పాత ప్లాస్టర్ పెచ్చులున్నా అంతే. తాగే నీళ్ల టిన్ను, కడిగిన బకెట్ వాడండి.

ఆల్జినేట్ అచ్చు నిలవ ఉండేది కాదు. నీరు వదిలి గంటల్లోనే కుంచించుకుపోతుంది. చెయ్యి తీసిన అరగంటలోపు పోత పడాలి. ఇక వేళ్లు విరిగేది అచ్చు విప్పేటప్పుడే. కనీసం గంట ఆగండి. ఆల్జినేట్‌ని పెద్ద ముక్కలుగా లాగకుండా చెక్క చెంచాతో గోరంత గోరంత తీయండి. పోసేటప్పుడే ఒక్కో వేలిలోకి సన్నటి అల్యూమినియం తీగ ముక్క దింపితే ఇంకా భద్రం. ఇనప తీగ వద్దు, ఎందుకో తర్వాతి జవాబులో ఉంది.

గాజులు తీసేయించండి. వాటి చుట్టూ ఆల్జినేట్ చిరిగిపోతుంది. పోత మణికట్టు దగ్గరే ఆగిపోతుంది కాబట్టి, ఎండాక ఆ తెగిన వైపు నుంచి అమ్మమ్మ గాజులే నిజంగా తొడగొచ్చు. ప్లాస్టర్ మీద గాజు కదిలి గలగలమంటే స్పర్శకి శబ్దం కూడా తోడవుతుంది.

ఆరబెట్టడానికి వానల్లో పది పదిహేను రోజులు పట్టొచ్చు. రోజూ తూచండి. బరువు తగ్గడం ఆగినప్పుడే ఎండినట్టు. తొందరపడి ఓవెన్‌లో పెడితే 50 డిగ్రీలు దాటగానే పైపొర సుద్దలా పొడి రాలుతుంది. మిగిలిన ప్లాస్టర్‌ని సింకులో పోయకండి, గొట్టంలోనే రాయైపోతుంది.

ప్రశ్న: తెల్లటి ప్లాస్టర్ బొమ్మ చేసి నెల తిరక్కుండానే గోధుమ రంగు మరకలు బయటపడ్డాయి. లోపల బైండింగ్ వైరు, కోడి జాలీ పెట్టాను. ఇదే పద్ధతిలో సిమెంటులో చేస్తే ఏమీ కాలేదు. ఎందుకు?
— పెందుర్తి

జవాబు: సిమెంటుకి క్షారగుణం ఎక్కువ. అందులో ఉన్నంతసేపు ఇనుము మీద ఒక రక్షణ పొర నిలుస్తుంది. ప్లాస్టర్ అంటే జిప్సం, దానికి ఆ గుణం లేదు. తడి ప్లాస్టర్‌లో ఇనుము మొదటి రోజు నుంచే తుప్పు పడుతుంది. మన గాలిలో ఉప్పు దాన్ని ఇంకా తొందర చేస్తుంది.

ఉన్న బొమ్మని కాపాడాలంటే పూర్తిగా ఎండనిచ్చి, 100 గ్రాముల చపడాని (రేకులుగా దొరికే లక్క) అర లీటరు స్పిరిట్‌లో రాత్రంతా నానబెట్టి, రెండు పూతలు వేయండి. మరకని బయటికి రానివ్వకుండా ఆపే గుణం లక్కకి ఉంది. (ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసేదీ లక్కే.) దాని మీద రంగు వేసుకోవచ్చు. లోపలి తీగ ఉబ్బి బొమ్మ పగలడం మొదలైతే మాత్రం పూతలు ఆపలేవు.

ఈసారి నుంచి 3 మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ వాడండి. బలానికి, కొబ్బరి పీచుని విడదీసి ప్లాస్టర్‌లో ముంచి అంటించండి. జాలీ తప్పదంటే జీఐ (జింకు పూత వేసిన ఇనుము) జాలీ కొని, కత్తిరించిన ప్రతి కొసకీ లక్క పూయండి, జింకు పూత తెగేది అక్కడే. జీఐ ముక్కల్ని వెల్డింగ్ మాత్రం చేయొద్దు. జింకు పొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది.

ఆ మరకే మీకు నచ్చితే అది వేరే సంగతి. ఇనప రేకు మీద కావాలనే తుప్పు తెప్పించడానికి 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ అర లీటరు, వెనిగర్ 60 మిల్లీలీటర్లు, ఉప్పు చెంచాన్నర కలిపి ఆరుబయట స్ప్రే చేయండి. కళ్లద్దాలు తప్పనిసరి. మిగిలింది మూతబిగించి దాచొద్దు, వాయువు పుట్టి సీసా పగులుతుంది.

ప్రశ్న: ‘మా ఊరి వాసనలు’ అని నాలుగు పాత్రలు పెట్టాను: తొలకరి మట్టి, చందనం, కాఫీ, ఎండుచేప. పది నిమిషాలకి గదంతా చేప వాసనే. చందనం ఉందని ఎవరికీ తెలియలేదు.
— ఎంఎఫ్‌ఏ విద్యార్థి, అక్కయ్యపాలెం

జవాబు: రెండు తప్పులు కలిశాయి. వాసనని గదిలోకి వదిలారు, ముక్కుకి విరామం ఇవ్వలేదు. ఒకే వాసనలో కొద్ది నిమిషాలుంటే ముక్కు దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. కాబట్టి వాసన పాత్రలోనే ఉండాలి, చూసేవాళ్లు మూత తీసినప్పుడే రావాలి. మామూలు మట్టి పాత్ర వాసనని పీల్చుకుంటుంది, పక్క పాత్ర వాసనతో సహా. కాబట్టి లోపల గాజు సీసా పెట్టి, పైకి మీ మట్టి రూపం ఉంచండి. పాత్రల మధ్య రెండు మీటర్లు వదలండి. ముందు మట్టి, తర్వాత చందనం, కాఫీ, చివర చేప. ఘాటైనది ముందు తగిలితే మెత్తనివి చచ్చిపోతాయి.

చేపకి 30 గ్రాముల ఎండు నెత్తళ్లు చాలు. పల్చటి మల్లు గుడ్డలో కట్టి, అడుగున 10 గ్రాముల సిలికా జెల్ వేయండి. అది లేకపోతే చెమ్మకి మూడో రోజే ఎండుచేప కుళ్లు చేప అవుతుంది, ఆ రెండు వాసనలకీ చాలా తేడా ఉంది. నాలుగు రోజులకోసారి మార్చండి. కాఫీ పొడి కొని పోయకండి. వేయించిన అరకు గింజలు తెచ్చి ఏ రోజుకారోజు పొద్దున 20 గ్రాములు పట్టించండి.

తొలకరి వాసన అన్నిటికన్నా మొండిది. దానికి ‘పెట్రికోర్’ అని 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పేరు పెట్టారు. సీసాలో తడిమట్టి పెడితే అది రాదు, వచ్చేది బురద వాసన. చినుకు పొడి నేలని తాకినప్పుడు దాని కింద చిక్కిన గాలి బుడగలై పైకి లేచి చిట్లుతుంది, వాసనని మోసుకొచ్చేది అదే. అంటే మీకు కావాల్సింది తడి కాదు, తడిసే క్షణం. మట్టిని వారం రోజులు ఎండలో ఆరబెట్టి, పళ్లెంలో రెండు సెంటీమీటర్ల మందాన పరవండి. పక్కన డ్రాపర్ పెట్టి, ఒక్కొక్కరు ఐదారు చుక్కలే, జానెడు ఎత్తు నుంచి వేయమనండి. పళ్లెం తడిసిపోయాక వాసన ఆగిపోతుంది. అందుకని మూడు పళ్లేలు పెట్టుకుని, ఒకటి వాడుతుంటే రెండు ఎండలో ఉంచండి.

చందనానికి పొడి కొనకండి, చాలావాటిలో సెంటు కలుస్తుంది. చిన్న చెక్క, సానరాయి, నీళ్ల గిన్నె పెట్టి చూసేవాళ్లనే అరగదీయమనండి. రాయి మీద చెక్క తిరిగే చప్పుడు, వేలికంటే చల్లదనం, ఆ తర్వాతే వాసన. సింహాచలంలో స్వామి ఏడాది పొడుగునా చందనం పూతలో ఉండి వైశాఖ శుద్ధ తదియ నాడు నిజరూపంలో కనిపిస్తాడని మీ ఊళ్లో తెలియనివాళ్లుండరు. పూతే రూపమైన శిల్పం అది. ఆ సంగతి గోడ మీద రాయక్కర్లేదు, సానరాయి చాలు.

కాఫీ గింజలు వాసన చూస్తే ముక్కు తేరుకుంటుందని అత్తరు షాపుల్లో చెప్పేది పెద్దగా పట్టించుకోకండి. కిటికీ దగ్గర నాలుగు ఊపిరులు తీసుకున్నా అదే ఫలం. ఆస్తమా ఉన్నవాళ్ల కోసం గుమ్మంలోనే ఒక బోర్డు పెట్టండి.

ప్రశ్న: భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల మట్టి రంగు నా పనికి సరిగ్గా సరిపోతుంది. రెండు బస్తాలు తెచ్చుకోవచ్చా?
— మధురవాడ

జవాబు: వద్దు. అది రక్షిత భూవారసత్వ స్థలం, పిడికెడు కూడా తీయకూడదు. ఆ రంగు ఇసుక రేణువుల మీద పట్టిన ఇనుము ఆక్సైడ్‌ది. కడిగిన నది ఇసుక కిలోకి ఎర్ర ఆక్సైడ్ పొడి 20 గ్రాములు, జాజు 10 గ్రాములతో మొదలుపెట్టి, కొంచెం కొంచెం పెంచుతూ చూడండి. పట్టి ఉంచడానికి ఒకటికి మూడు నీళ్లు కలిపిన ఫెవికాల్.

ప్రశ్న: ‘కాలం’ అంశంగా ఇచ్చారు. ఛాతీ దాకా మనిషి బొమ్మ చేసి గుండె దగ్గర గడియారం, తల మీద బల్బు పెట్టాను. పని శుభ్రంగా ఉంది గానీ ఇందులో ఆలోచన ఏదీ అంటున్నారు.
— బీఎఫ్‌ఏ రెండో సంవత్సరం

జవాబు: వాళ్లు అన్నది సబబే. గడియారం కాలానికి గుర్తు, కాలం కాదు. షాపు ముందు బోర్డు లాంటిది. కాలం పదార్థంలో జరగాలి.

ఆ బొమ్మ తలని మాత్రం, కాల్చకుండా, గ్రాగ్ (కాల్చి నూరిన మట్టి రవ్వ) కలపని బంకమట్టితో, కిలో బరువుకి మించకుండా మళ్లీ చేయండి. లోపల తొలిచి గోడ రెండు సెంటీమీటర్లకి తేవాలి. బుగ్గకి ఆనిస్తే చల్లగా తగలనంతగా ఎండనివ్వండి. ఇది ముఖ్యం. సగం ఎండిన మట్టి నీళ్లలో అలాగే కూర్చుంటుంది. పూర్తిగా ఎండినదైతే నీటిని గబగబా పీల్చి, లోపలి గాలిని బుడగలుగా వదులుతూ పెచ్చులు పెచ్చులుగా జారిపోతుంది. మూడు సెంటీమీటర్ల నీళ్లున్న పళ్లెంలో నిలబెట్టండి. నిమిషాల్లో మెడ అంచు విచ్చుకుంటుంది. చెవి పెడితే సన్నటి చిటపటలు వినిపిస్తాయి. గడ్డం మునిగేసరికి తల ఒక పక్కకి ఒరుగుతుంది. ఎటు ఒరుగుతుందో మీ చేతిలో లేదు. ఒకే అచ్చులోంచి ఆరు తలలు తీసి పెట్టుకోండి, మూడు పరీక్షలకే పోతాయి. కరిగిన మట్టిని ఆరబెట్టి, మర్దించి మళ్లీ అచ్చులో ఒత్తొచ్చు.

పని అయ్యాక పేరు చీటీ తీసేసి, కళతో సంబంధం లేని ముగ్గురికి చూపించండి. ఏం గుర్తొచ్చిందో మాత్రమే అడగండి, అర్థమైందా అని అడగొద్దు.

ప్రశ్న: చేపల వల మీద చెయ్యి వేస్తే హార్బరులో రికార్డు చేసిన శబ్దాలు వినిపించాలి. టీటీపీ223 టచ్ సెన్సర్లు, ఆర్డినో ఊనో (ప్రోగ్రాం నడిపే చిన్న బోర్డు), డీఎఫ్‌ప్లేయర్ మినీ (మెమరీ కార్డులోని శబ్దాలు వినిపించే బోర్డు) వాడాను. ఇంట్లో చక్కగా పనిచేసింది. సాయంత్రం బీచ్ రోడ్డులో పెడితే ఎవరూ ముట్టకుండానే మోగుతోంది, స్పీకర్లో గుర్రుమంటోంది.
— జాలరిపేట

జవాబు: వాడిన వల తెచ్చుంటారు, దారాల్లో ఉప్పు ఉంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు నీటిని లాక్కుని కరిగిపోతుంది. విశాఖలో సాయంత్రం అది మామూలే. అప్పుడు వల మొత్తం విద్యుత్తు పారే ఒకే పెద్ద ప్యాడ్ అయిపోతుంది, సెన్సర్‌కి అది చెయ్యిలాగే కనిపిస్తుంది. వలని మంచినీళ్లలో మూడుసార్లు, ఒక్కోసారి రాత్రంతా నానబెట్టి ఉతకండి.

వలనే సెన్సర్‌గా నమ్ముకోకుండా, వెనక ఐదు సెంటీమీటర్ల రాగి టేపు ముక్కలు అతికించి పైన ప్లాస్టిక్ టేపు వేయండి. టేపు నుంచి టీటీపీ223 దాకా తీగ 15 సెంటీమీటర్లు దాటకూడదు. అక్కణ్నుంచి ఆర్డినో దాకా పొడుగున్నా పర్వాలేదు. ఇంకా తానే మోగుతుంటే టచ్ ప్యాడ్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 20 లేదా 30 పికోఫారడ్ కెపాసిటర్ పెట్టండి, సున్నితం తగ్గుతుంది. 50 దాటించొద్దు. కరెంటు ఇచ్చే క్షణంలో ఎవరూ వలని తాకకూడదు, సెన్సర్ అప్పుడు తన కొలత సరిచూసుకుంటుంది. ప్రోగ్రాంలో 200 మిల్లీసెకన్ల కన్నా తక్కువ తాకిడిని వదిలేయండి.

గుర్రుమనడం వేరే జబ్బు. ఆర్డినో నుంచి డీఎఫ్‌ప్లేయర్ ఆర్‌ఎక్స్ కాలుకి (ఆదేశాలు అందుకునే పిన్ను) వెళ్లే తీగలో 1 కిలోఓమ్ రెసిస్టర్ ఉందా చూడండి. ప్లేయర్‌కి ఆర్డినో నుంచి కాకుండా 5 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టర్ నుంచే కరెంటు ఇచ్చి, దాని కాళ్ల దగ్గరే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. గ్రౌండ్ తీగ మాత్రం రెంటికీ ఒకటే ఉండాలి. మెమరీ కార్డు 32 జీబీ లోపు, ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండాలి.

ఆరుబయట పది రోజుల ప్రదర్శన అయితే మా ఓటు టచ్ సెన్సర్‌కి కాదు. వల ముడి వెనక ఒక లిమిట్ స్విచ్ దాచండి. లాగితే ‘టక్’మంటుంది, చెమ్మకి అంత తేలిగ్గా లొంగదు. పైగా వలని లాగాలి గానీ నిమరడమేంటి?

ప్రశ్న: గవ్వలు, ఇసుక వేసి జీపీ రెజిన్ (మామూలు పాలిస్టర్ రెజిన్) దిమ్మ పోశాను. లోపల తెల్లటి మబ్బు, నడుమ పగుళ్లు, పైన జిగట.
— గాజువాక

జవాబు: మబ్బు ఇసుకలోని తేమ. ఇసుకని ఐదుసార్లు మంచినీళ్లలో కడిగి, పెనం మీద పొడిపొడిగా వేయించి, చల్లార్చి వెంటనే వాడండి. పగుళ్లు ఒకేసారి మందంగా పోసినందువల్ల, హార్డెనర్ ఎక్కువైనందువల్ల. సెంటీమీటరు పొరలుగా పోయండి, హార్డెనర్ 1 శాతం చాలు. జిగటకి కారణం గాలి, పాలిస్టర్ రెజిన్‌ని గాలి పైపొరలో గట్టిపడనివ్వదు. చివరి పొర మీద ఓహెచ్‌పీ షీటు (పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు) పరచండి.

కోబాల్ట్ (గట్టిపడడాన్ని తొందరచేసే ద్రవం), హార్డెనర్ రెండూ విడివిడిగా ఇచ్చారంటే జాగ్రత్త: ముందు కోబాల్ట్‌ని రెజిన్‌లో పూర్తిగా కలిపి, ఆ తర్వాతే హార్డెనర్ వేయాలి. ఆ రెండూ నేరుగా కలిస్తే పేలుతుంది. చెంచాలు కూడా వేరువేరుగా ఉంచండి. ఇంకో మాట, పగడపు ముక్కలు, కొన్ని రకాల గవ్వలు 1972 వన్యప్రాణి చట్టం కిందికి వస్తాయి. వాటి జోలికి పోకండి.

ప్రశ్న: చూపులేని పిల్లలు తడిమి చూసేలా ఐదు శిల్పాలు చేస్తున్నాను. ఏం చూసుకోవాలి?
— సీతమ్మధార

జవాబు: పిల్లలు ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో వెతుకుతారు, ఒక్కోసారి బరువంతా ఆనిస్తారు. అడుగున ఇసుక మూట పెట్టి, బల్లకి బోల్టు వేయండి. అంచులు రెండు మిల్లీమీటర్ల గుండ్రంలోకి అరగదీసి, కళ్లు మూసుకుని మీ పెదవితో తాకి చూడండి. వేలికి దొరకని గరుకు పెదవికి దొరుకుతుంది. రంగుల తేడా ఇక్కడ పనికిరాదు. నునుపు పక్కన గరుకు, లోహం చల్లదనం పక్కన గోనె వెచ్చదనం పెట్టండి. ఒక్కో శిల్పానికి రెండే స్పర్శలు, మూడోది వస్తే చెయ్యి తికమకపడుతుంది. ఉత్త ప్లాస్టర్ చెమట పీల్చి నల్లబడుతుంది. రెండు పూతల లక్క, పైన మైనం రుద్దండి.

పేర్లు తెలుగు బ్రెయిలీలో స్లేటు మీద మందపాటి కాగితానికి గుచ్చించి, శిల్పానికి ఎడమ పక్కన, ప్రతిచోటా ఒకే ఎత్తులో పెట్టండి. చుక్కల మధ్య దూరం రెండున్నర మిల్లీమీటర్లే. అందుకని చేత్తో జిగురు చుక్కలు పెట్టి చేసే బ్రెయిలీ చదవడానికి రాదు. కాగితం మీద వార్నిష్ వేయొద్దు, చుక్కలు పూడిపోతాయి. చెమ్మకి మెత్తబడతాయి కాబట్టి ఒక్కో చీటీకి మూడు కాపీలు ముందే గుచ్చించుకోండి.